తొలి పొడి

వ్యాపార సంఘాల సమావేశాలకు నన్ను పిలుస్తుంటారు. చల్లటి హాలు, ముందు వరసల్లో రకరకాల కంపెనీల లా ఆఫీసర్లు, వెనక కాఫీ బల్ల. కంపెనీ లోపల కూర్చున్న న్యాయవాది వ్యాపారానికి ఏం మేలు చేస్తాడో చెప్పమంటారు. గొడవ వచ్చాక పరిగెత్తేవాడు కాదు, గొడవ లోపలికి రాకుండా గుమ్మంలో నిలబడేవాడు అని చెబుతాను. రంగు కలిసిన మిరపకాయల లాట్ ఒకటి మా ఫ్యాక్టరీలోకి వస్తే, దాని పొడి గేటు దాటకుండా నేను ఎలా ఆపానో ఉదాహరణగా చెబుతాను. అందరూ రాసుకుంటారు. ఒకరిద్దరు లేచి చప్పట్లు కూడా కొడతారు.

నేను అక్కడ చెప్పేది సగమే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. దానికి ముందు నేను ఒక మనిషిని ఎన్నేళ్లు ఎంతగా అసహ్యించుకున్నానో చెప్పాలి. లేకపోతే ఏదీ అర్థం కాదు.

మాది ఉప్పల్. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ నాచారం పారిశ్రామికవాడలో మసాలా పొడులు చేసే కంపెనీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేది. రేకుల షెడ్డు, అందులో గోనెపట్టాల మీద వరసగా కూర్చున్న ఆడవాళ్లు, మధ్యలో ఎర్రటి కుప్ప. పొద్దంతా తుమ్ములే. సాయంత్రం ఇంటికొచ్చి చేతులకు కొబ్బరినూనె రాసుకుని, శనగపిండితో రెండుసార్లు కడుక్కునేదాకా అమ్మ నన్ను ముట్టుకునేది కాదు. నాకు జ్వరమొచ్చినా మోచేతి వెనక భాగంతోనే నుదురు తాకి చూసేది.

షెడ్డులో ఒక ఆనవాయితీ ఉండేది. కొత్త లాట్ మర ఆడించిన రోజు మొదట దిగే పొడిలో పాత లాట్ తాలూకు పొడి కలిసి ఉంటుంది. అది అమ్మకానికి పనికిరాదు. దాన్ని పారబోయకుండా కవర్లలో కట్టి షెడ్డు ఆడవాళ్లకు తలా ఒకటి ఇచ్చేవాళ్లు. తొలి పొడి అనేవాళ్లు దాన్ని. ఏ రిజిస్టరులోనూ రాసేవాళ్లు కాదు. అమ్మ దాన్ని కొంగులో కట్టుకుని తెచ్చేది. నేను పుట్టి పెరిగిందంతా ఆ కారం తినే.

నేను లా చదువుతానన్నప్పుడు అమ్మకు తెలిసింది ఒకటే, నల్లకోటు. చదువైపోయాక హబ్సిగూడలో దర్జీకిచ్చి కుట్టించింది. రెండేళ్లు ఒక పెద్ద వకీలు దగ్గర ఫైళ్లు మోశాను. తర్వాత అమ్మ పనిచేసే కంపెనీలోనే లా ఆఫీసర్ కావాలన్నారు. చేరిపోయాను. జీతానికి ఉద్యోగం చేసే న్యాయవాది కోర్టులో వాదించకూడదు, వకీలుగా వాదించే అనుమతి పత్రం, సనదు, వెనక్కి ఇచ్చేయాలి. అది అమ్మకు మింగుడుపడలేదు.

"కోటు ఏసుకోవా ఇగ?"

"కంపెనీ వకీలుకు కోటు ఉండదమ్మా."

"కోటు లేని వకీలేంది రా," అంది. కోటును మడతపెట్టి ఇనుప పెట్టెలో కలరా ఉండలు వేసి దాచింది. ఏటా ఎండాకాలం తీసి ఎండలో ఆరేసి మళ్లీ పెట్టేది. అయినా షెడ్డులో మాత్రం అందరికీ చెప్పుకుంది. మనం తొడిమలు తీసే కంపెనీకి నా కొడుకే వకీలు అని.

ఇక ఆ మనిషి. మా ఛైర్మన్‌కు బావమరిది. కంపెనీలో డైరెక్టరు. ఏ ఊరి మిరప కొనాలో, ఎవరి దగ్గర కొనాలో అంతా ఆయన ఇష్టం. కాగితం చదవడమంటే ఆయనకు నామోషీ. సంతకం కావలసిన ప్రతిచోటా రంగు చీటీ అంటించి పెట్టాలి. ఆయన చీటీ చూసి గీకేసి పేజీ తిప్పుతాడు. "ఎక్కడ పెట్టాలె?" అన్నది తప్ప ఇంకో ప్రశ్న ఆయన నోట నేను వినలేదు. మిగతావాళ్లు కూడా అలాగే పెట్టాలని ఆయన పట్టుదల. ఎవరైనా ఆగి చదివితే, తన మీద నమ్మకం లేదని అలిగేవాడు. ఆ కంపెనీలో చదవకుండా సంతకం పెట్టడం మర్యాద కింద లెక్క.

నేను చేరిన కొత్తలో లైసెన్సు రెన్యువల్ వచ్చింది. ఒక మధ్యాహ్నం దొంతర కాగితాలు తెచ్చి నా ముందు పడేశాడు.

"కిందికి కారు తెప్పించిన. ఆఫీసు మూసేలోపు పంపాలె. జల్ది పెట్టు."

పదకొండు చీటీలు ఉన్నాయి. పదకొండు సంతకాలు పెట్టాను. చదవకుండా సంతకం చేయకండి అని లోకానికి చెప్పి బతికే వృత్తి నాది. పై అధికారి గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటున్నాడని, కొత్త ఉద్యోగమని, ఆయన అలుగుతాడని, నేను చదవలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ పదకొండింటిలో ఒకటి నామినేషన్ ఫారం. కంపెనీ అమ్మే తిండి పదార్థంలో తప్పు దొరికితే కోర్టులో నిలబడవలసిన మనిషి ఫలానా అని కంపెనీ ప్రభుత్వానికి రాసిచ్చే కాగితం అది. అంతకుముందు రోజు వరకు అందులో డైరెక్టరు పేరుంది. ఆ రోజు నుంచి నా పేరు. పేరెందుకు మారిందో తెలియడానికి నెల పట్టింది. ఆయన చవగ్గా కొన్న మిరపలో వేయకూడని రంగు ఉంది. ఆ సంగతి ఆయనకు ముందే తెలుసు. ఆహార శాఖ వాళ్లు సాంపిల్ పట్టుకెళ్లారు, రిపోర్టు వచ్చింది, నా పేరు మీద సమన్లు వచ్చాయి.

కాగితం పట్టుకుని ఆయన గదికి పరిగెత్తాను. ఆయన నవ్వాడు.

"దీనికి ఫికర్ ఎందుకు? రెండు వాయిదాలు, అంతే. నువ్వు లాయర్‌వు. కోర్టు నీకు కొత్తనా?"

రెండు కాదు. నాలుగేళ్లు నడిచింది. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సెక్కి కోర్టుకు వెళ్లడం, వసారాలో గోడకానుకుని నిలబడటం. అటెండరు గుమ్మంలోకి వచ్చి నా పేరు మూడుసార్లు అరిచేవాడు. తలదించుకుని లోపలికెళ్లి బోనులో చేతులు కట్టుకునేవాణ్ని. ఒకప్పుడు నాతో క్యాంటీన్‌లో టీ తాగిన వకీళ్లు కోట్లు సర్దుకుంటూ పక్కకు చూసేవాళ్లు. అమ్మకు మాత్రం, కంపెనీ పని మీద కోర్టుకు వెళ్తున్నానని చెప్పేవాణ్ని. అబద్ధమూ కాదు.

అమ్మ దాన్ని తనకు కావలసినట్టు అర్థం చేసుకుంది. నా కొడుకు మళ్లీ కోర్టుకెక్కిండని ఎదురింటి అత్తతో చెప్పుకుంది. ఆ అత్త కూడా షెడ్డులోనే పనిచేసేది, అమ్మ పక్క పట్టా ఆమెది. ఏవో కాగితాల్లో ఇంటిపేరు తప్పు పడితే అఫిడవిట్ కావలసొచ్చింది ఆమెకు. ఎవరినో బతిమాలడమెందుకు, మా వాడు అక్కడే ఉంటడు అని అమ్మ ఆమెను వెంటపెట్టుకుని కోర్టుకు వచ్చింది. నాకు చెప్పలేదు. నన్ను కోటులో చూడాలని వచ్చిందని నాకు తర్వాత అర్థమైంది. అటెండరు నా పేరు పిలవడం విని, సంబరంగా గుమ్మం దగ్గరకొచ్చి తొంగి చూసింది.

నేను బోనులో ఉన్నాను.

తిరుగు బస్సులో ముగ్గురం ఒకే సీట్లో కూర్చున్నాం. అత్త కిటికీ వైపు తిరిగి నిద్ర నటించింది. అమ్మ అడిగింది.

"ఏం జేసినవ్ రా?"

"ఏం చెయ్యలేదమ్మా. సంతకం పెట్టిన."

"సదువకుండనా?"

"ఆఁ."

ఉప్పల్‌లో దిగి ఇంటికి నడుస్తుంటే మళ్లీ నోరు విప్పింది. "గా మిరపకాయ మేమే తొడిమలు దీసినం. రంగు కొంగుకు అంటుతున్నదని సూపర్‌వైజర్‌కు జెప్పిన. నీ పని నువ్వు సూస్కో అన్నడు. మల్లొకపారి జెప్పిన. రేపటి నుంచి రావొద్దంటడేమో అని భయమైంది గనీ, జెప్పిన."

నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ రోజు తర్వాత అమ్మ నన్ను వకీలని ఎవరితోనూ అనలేదు. మీ కొడుకు ఏం చేస్తాడని అడిగితే కంపెనీల జేస్తడు అనేది. ఆ ఎండాకాలం పెట్టెలో కోటు బయటికి తీయలేదు. నా ఉద్యోగం తీసేసినా, జైల్లో వేసినా ఆ మనిషిని క్షమించేవాణ్నేమో. మా అమ్మ నోట్లో ఉన్న ఆ ఒక్క మాట తీసేశాడు. దానికి మాత్రం క్షమ లేదని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

చివరికి కేసు కొట్టేశారు, రిపోర్టు కాపీ సమయానికి నాకు అందలేదన్న కారణంతో. డైరెక్టరు మిఠాయి డబ్బా పంపించి, తర్వాత తనే వచ్చి భుజం తట్టాడు. "సూసినవా, ఏం గాలే." డబ్బాను విప్పకుండా తీసుకెళ్లి, జవహర్‌నగర్ డంపుయార్డుకు వెళ్లే చెత్త బండిలో వేశాను.

అందరూ వెళ్లిపొమ్మన్నారు. నేను వెళ్లలేదు. ఆ భవనంలోనే ఉండి, కోర్టు అటెండరు ఆయన పేరు అరిచే రోజు చూడాలి. ఆ కోరిక తీర్చుకోవడానికి ఎంత మంచి న్యాయవాది కావాలో అంత మంచివాణ్ని అయ్యాను. సరఫరాదారుల ఒప్పందాల్లో ప్రతి మాటా చదివాను. ప్యాకెట్ మీద అచ్చయ్యే ప్రతి అక్షరం నా బల్ల మీదికి రావాలన్నాను. నా సంతకం లేకుండా కొత్త సరుకు మార్కెట్లోకి పోకుండా నియమం పెట్టించాను. ఛైర్మన్‌కు నామీద గురి కుదిరింది. కొన్నేళ్లకు లీగల్ విభాగం మొత్తం నా కిందికి వచ్చింది. ఏ లాట్‌నైనా సరే, ఒక్క వాక్యం మెయిల్ కొడితే చాలు, అది ఎక్కడున్నదక్కడ ఆగిపోవాలి. డైరెక్టరు చెప్పినా కదలకూడదు. వ్యాపారంలో నాకున్న పెద్ద అధికారం అదే. నేను సభల్లో గొప్పగా చెప్పేదీ అదే.

మళ్లీ రెన్యువల్ వచ్చింది. సరుకు కొనే నిర్ణయం ఎవరిదో బాధ్యత కూడా వాళ్లదే ఉండాలని ఛైర్మన్‌కు రాశాను. చట్టం ప్రకారం అది న్యాయమైన మాట, ఎవరూ కాదనలేరు. ఆయన సరేనన్నాడు. డైరెక్టరు పేరుతో నామినేషన్ ఫారం తయారుచేశాను. పైన ఒక పేజీ పెట్టాను. పెద్ద అక్షరాల్లో, లాయరు భాష లేకుండా రాశాను. దీని మీద సంతకం పెడితే, మన సరుకులో తప్పు దొరికిన రోజు కోర్టులో ముద్దాయిగా నిలబడేది మీరే. అంతే ఉంది అందులో. తొమ్మిది చీటీలు అంటించాను, ఆయనకిష్టమైన పసుపు రంగువి.

ఆయన ఫోన్‌లో ఉన్నాడు. చెయ్యి చాపాడు.

"సార్, మొదటి పేజీ చదవండి."

"నువ్వు సదివినవ్ గదా."

"నేను చదివిన. మీరు కూడా చదవాలె."

"ఎక్కడ పెట్టాలె చెప్పు. ఎయిర్‌పోర్టుకు పోవాలె నేను."

చూపించాను. మొదటి చీటీ ఆ పేజీ మీదే ఉంది. దాని కింద గీకాడు, తిప్పాడు, గీకాడు, తిప్పాడు. ఆ సాయంత్రం ఉప్పల్‌లో బండి దగ్గర నిలబడి రెండు ప్లేట్లు మిర్చిబజ్జీలు తిన్నాను. అంత రుచిగా ఎప్పుడూ అనిపించలేదు.

తర్వాత ఎదురుచూశాను. కొత్త లాట్ దిగినప్పుడల్లా నాలో ఒక కోరిక మెదిలేది, సరుకు చెడిపోయి ఉండాలని. కంపెనీని కాపాడమని జీతమిస్తే, కంపెనీకి కీడు కోరుకుంటూ కూర్చున్న న్యాయవాదిని నేను. సిగ్గనిపించలేదు. రెండేళ్లు అలా గడిచాయి. ఈలోపు అమ్మ పని మానేసింది. కళ్లు మసకబారితే దవాఖానాకు తీసుకెళ్లి ఒక కంటికి ఆపరేషన్ చేయించాను. ఎదురింటి అత్త మాత్రం ఇంకా షెడ్డుకు వెళ్తూనే ఉంది.

ఒక సోమవారం పొద్దున క్వాలిటీ విభాగం మేడం దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. ఆమె పద్ధతైన మనిషి, అనవసరంగా ఒక్క మాట రాయదు. కొత్త లాట్ మిరపకు తడి దూది రుద్దితే రంగు దిగుతోందని, మర ఆడించవద్దన్నానని, డైరెక్టరు ఆడించమంటున్నారని, వెంటనే లీగల్ నుంచి ఆపే ఉత్తర్వు కావాలని రాసింది. నాకొక్కడికే రాసింది.

ఒక్క వాక్యం చాలు. కీబోర్డు మీద వేళ్లు కూడా పెట్టాను.

అప్పుడు గుర్తొచ్చింది. గురువారం తనిఖీ ఉంది. ఆహార శాఖ అధికారి వస్తాడు, గోదాంలో సాంపిల్ తీస్తాడు. ఇవాళ నేను ఆపితే మిరప వెనక్కి పోతుంది, డైరెక్టరు మరో సరుకు కొంటాడు, కథ ముగిసిపోతుంది. మూడు రోజులు ఊరుకుంటే పొడి గోదాంలోనే ఉంటుంది. ల్యాబు ఒప్పుకునేదాకా ఏ ప్యాకెట్టూ గేటు దాటదు, దానికి వారం పడుతుంది. ఎవరూ తినరు. ఎవరికీ ఏమీ కాదు. ఆ మనిషి ఒక్కడే దొరుకుతాడు. ఇంత చక్కటి అవకాశం దేవుడే ఇచ్చాడనుకున్నాను. మెయిల్ మూసేశాను.

మంగళవారం మర ఆడింది. మూడో అంతస్తులో నా గదిలోకి కూడా ఘాటు వచ్చింది. మేడం గుమ్మంలోకి వచ్చింది.

"సార్, మెయిల్ సూసిన్రా?"

"సూస్తున్న మేడం. ముందు సప్లయర్ అగ్రిమెంట్ చదవాలె."

నేను ఫైలు వైపు తల తిప్పుకున్నాను. అగ్రిమెంట్ నేను రాసిందే, నాకు కంఠతా వచ్చు. బుధవారం మధ్యాహ్నం గేటు దగ్గరికి స్వయంగా వెళ్లి రిజిస్టరు చూశాను. ఆ లాట్ నుంచి ఒక్క ప్యాకెట్టు కూడా బయటికి పోలేదు. నేను చెడ్డవాణ్ని కాదని నాకు నేను చెప్పుకుంటూ మెట్లెక్కాను.

గురువారం అధికారి వచ్చి, సాంపిల్ తీసి, సీలు వేశాడు. ఆయన జీపు మలుపు తిరిగిన పది నిమిషాలకు నేను ఆ ఒక్క వాక్యం పంపాను. లాట్ ఆగిపోయింది. మర్నాడు సమావేశంలో ఛైర్మన్ అందరి ముందు నా చురుకుదనాన్ని మెచ్చుకున్నాడు. మేడం ఆ గదిలోనే ఉంది. ఆమె తల ఎత్తలేదు.

రిపోర్టు నేననుకున్నట్టే వచ్చింది. కేసు వేశారు. సమన్లు డైరెక్టరు పేరు మీద వచ్చాయి.

నా గదికి ఆయన రావడం అదే మొదటిసారి. కూర్చోమన్నాను, కూర్చోలేదు.

"ఈ నామినేషన్ డేట్ జర ఎనుకకు ఎయ్యి. క్వాలిటీ మేడం పేరు పెడదాం. ఆమెకు నేను చెప్త."

నేను సొరుగు తీసి మొదటి పేజీ కాపీ బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు. పెదవులు కదుపుతూ, వేలు పెట్టుకుని, ఒక్కొక్క మాటే చదివాడు. ఆయన ఒక కాగితాన్ని మొత్తం చదవడం నేను చూడటం అదే మొదలు.

"నువ్వు కావాలని జేసినవ్."

"చెప్పి చేసిన సార్. మీరు నాకు చెప్పలే."

ఛైర్మన్ పిలిచి మెల్లగా అడిగాడు, ఏదన్న దారి ఉన్నదా అని. తేదీ దిద్దితే శాఖకు నేనే రాస్తానని చెప్పాను. ఆయన నా ముఖం చూసి, సరే పో అన్నాడు. ఒక అమాయకురాలి మెడకు ఆ ఉరి పడకుండా ఆపాను కూడా. ధర్మమూ నా పగా ఒకే పక్కన నిలబడ్డ రోజు అది. మెట్లు దిగుతుంటే ఈల వేయాలనిపించింది. నిజంగానే వేశాను.

ఆ రోజు పెందలాడే ఇంటికి వెళ్లాను. అమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని దోసకాయ ముక్కలు కోస్తోంది. పక్కన కారం డబ్బా. నేను గుమ్మంలో నేల మీదే కూర్చుని కథంతా చెప్పాను. అప్పుడు నన్ను బోనులో నిలబెట్టింది ఎవరో, ఇప్పుడు ఎవరు నిలబడబోతున్నారో చెప్పాను. మేడం మెయిల్ సంగతి, మూడు రోజులు ఊరుకున్న సంగతి, గేటు రిజిస్టరు సంగతి, నా తెలివంతా చెప్పాను. వాయిదా రోజు నువ్వు కూడా రావాలమ్మా, ఆయన పేరు పిలుస్తుంటే నువ్వు వినాలి అన్నాను.

అమ్మ కత్తిపీట పక్కకు జరిపింది.

"గా లాట్ ఎప్పుడు మర ఆడిన్రు?"

"మంగళవారం."

"సమ్మక్క జాతర ముందటి మంగళారమా?"

"ఆఁ, అదే."

అమ్మ డబ్బా మూత తీసి నా ముందుకు జరిపింది. సగానికి పైగా ఖాళీ అయింది. లోపల పొడి కుంకుమలా ఎర్రగా ఉంది.

"ఎదురింటక్క తెచ్చిచ్చింది. తొలి పొడి. ఎప్పటి లెక్కనే సగం నాకిచ్చి పోయింది."

చిన్నప్పుడు అమ్మ కొంగు ముడి విప్పుతుంటే పక్కన కూర్చుని చూసినవాణ్ని నేను. ఆ కారంతో అన్నం తిని పెరిగినవాణ్ని. మూడో అంతస్తులో కూర్చుని అన్ని తలుపులూ లెక్కపెట్టి, ఆడవాళ్ల కొంగు మాత్రం మరిచిపోయాను. అది ఏ రిజిస్టరులోనూ లేదు కదా.

"మస్తు ఎర్రగున్నదే అనుకున్న," అంది అమ్మ. గొంతు పెంచలేదు. "తడి బట్టకు రాసి సూద్దునా అనుకున్న. మల్ల, పైన నువ్వు కూసున్నవు గదా, నువ్వుండంగ గసొంటిది ఎట్ల రానిస్తవు అని సూడలే."

డబ్బా మూత పెట్టి అడిగింది. "సోమారం నాడే తెల్వదా నీకు?"

"తెలుసు."

"నేను కూలిదాన్ని రా. జెప్పిన. రెండుపార్లు జెప్పిన."

డబ్బా నా చేతిలో పెట్టి, దోసకాయ ముక్కల మీద నీళ్లు చల్లుకుంటూ కూర్చుంది. ఆ రోజు కూరలో కారం వేయలేదు.

మర్నాటి నుంచి నేను తిరిగాను. షెడ్డులో ఎంతమందికి ఇచ్చారో సూపర్‌వైజరును అడిగి పేర్లు రాసుకుని, చిలకానగర్‌లో, మల్లాపూర్‌లో, నాగోల్ దాకా ఒక్కొక్క ఇంటికీ వెళ్లాను. పొడి వెనక్కి ఇచ్చేయమని అడిగాను. ఎందుకని అడిగినవాళ్లకు రంగు కలిసిందని చెప్పాను. ముందే తెలుసని ఎవరికీ చెప్పలేదు. చాలా ఇళ్లల్లో అప్పటికే అయిపోయింది. ఒకావిడ ఖాళీ కవరు తెచ్చి చూపించింది. పసిపిల్లలకు కూడా ఇదే ఏసిన సారూ, ఏమన్న అయితదా అని అడిగింది. ఏం కాదులే అన్నాను. నాకేం తెలుసు? అది కూడా ఒక అబద్ధం కింద రాసుకోవాలి. ఎదురింటి అత్త తన సగం డబ్బాతో సహా ఇచ్చి, లోపలికి వెళ్లిపోయింది. టీ తాగి పొమ్మనలేదు.

వాయిదా రోజు అమ్మ రాలేదు. నేను ఒక్కణ్నే వెళ్లాను. అదే వసారా, అదే గోడ. అటెండరు మారాడు. కొత్తవాడు మా డైరెక్టరు పేరు మూడుసార్లు అరిచాడు. డైరెక్టరు చొక్కా గుండీ పెట్టుకుంటూ, ఎవరినీ చూడకుండా లోపలికి నడిచి బోనులో నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందు వెనక్కి పెట్టి, తర్వాత కట్టుకున్నాడు. నాకు సంతోషం కలిగింది. దాచడం దేనికి? కళ్లు చల్లబడేదాకా చూశాను. ఆయనకు శిక్ష పడాలని ఇప్పటికీ కోరుకుంటున్నాను, పడితే మళ్లీ బజ్జీలు తింటాను.

వసారాలో బెంచీ మీద క్వాలిటీ మేడం కూర్చుని ఉంది, సాక్షిగా పిలిచారు ఆమెను. ఒళ్లో ఫైలు ఉంది. తను రాసిన మెయిల్ కాపీ అందులో ఉందని ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. దాని మీద తేదీ ఉంది, సమయం ఉంది, ఎవరికి వెళ్లిందో ఉంది. ఆమె వంతు వచ్చే వాయిదాకో, ఆ తర్వాతదానికో వస్తుంది.

సభలకు ఇంకా పిలుస్తున్నారు. వెళ్తున్నాను. గుమ్మంలో నిలబడే మనిషి గురించి చెబుతున్నాను.

ఇప్పుడు అమ్మ మా కంపెనీ పొడి వాడదు. ఉప్పల్ సంతలో ఎండుమిరపకాయలు కొని తెచ్చుకుంటుంది. పీట మీద కూర్చుని, తెల్లగుడ్డ తడిపి, ఒక్కొక్క కాయనూ రుద్ది చూసి తొడిమ తీస్తుంది. నేను ఆఫీసుకు బయల్దేరే వేళకే ఆ పని పెట్టుకుంటుంది. రుద్దిన గుడ్డను నా వైపు ఎత్తి పట్టుకుని, రంగు దిగిందా చెప్పమంటుంది. తనకు ఒక కన్ను బాగానే కనిపిస్తుంది. అయినా అడుగుతుంది. నేను దగ్గరికెళ్లి, వంగి, సరిగ్గా చూసి, లేదమ్మా అని చెప్పాకే బ్యాగు తీసుకోనిస్తుంది.